నెట్టు పోయినా తెరుచుకునే పుస్తకం

క్యూబా రాజధాని హవానాలో వెదాదో అనే పేట ఉంది. అక్కడ 23వ నంబరు వీధి చివరికొచ్చేసరికి సముద్రం వైపు వాలుగా దిగిపోతుంది. అందుకే ఆ భాగాన్ని లా రాంపా అంటారు. ఒకపక్క కొప్పేలియా ఐస్‌క్రీం పార్కు, ఎదురుగా 25 అంతస్తుల హబానా లిబ్రే హోటల్. రోడ్డు మీద 1950ల నాటి అమెరికా కార్లు షేర్ ట్యాక్సీలుగా పొగలు కక్కుకుంటూ తిరుగుతుంటాయి. పర్యటకులు ఫొటోలు తీసుకునేది వీటినే. కానీ 2015 జులై తర్వాత కొన్నేళ్లపాటు ఈ వీధిలో చూడాల్సింది కార్లు కాదు... అరుగులు!

సాయంత్రమైతే చాలు, మెట్ల మీద, చెట్ల మొదళ్ల దగ్గర, హోటల్ గోడకు ఆనుకుని గుంపులు గుంపులుగా జనం. అందరి మొహాల మీదా ఫోన్ల వెలుగు. మయామీలో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడుతూ కళ్లు తుడుచుకునే తల్లి. పక్కనే పుట్టి ఏడాదైనా తాత చూడని మనవరాలిని తెర మీద ముద్దుచేసే పెద్దాయన. ఆ సందడి మధ్యలో ఎవరితోనూ మాట్లాడకుండా, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని గబగబా పేజీలు దించుకునే కుర్రాళ్లు కొందరు. వాళ్లు ఆ పేజీల్ని చదవరు. చదువుకోవడానికి ఇంటికెళ్లాక బోలెడంత టైము. ఇక్కడున్న గంటలో దించుకోవడమే పని.

ఎందుకంటే ఆ గంటకు వెల ఉంది. ప్రభుత్వ టెలికాం సంస్థ ఎటెక్సా ఆ నెలలో దేశం మొత్తమ్మీద 35 చోట్ల వైఫై పెట్టింది. గంటకు 2 కన్వర్టిబుల్ పెసోలు, అంటే దాదాపు రెండు డాలర్లు. సర్కారు కొలువులో సగటు జీతం నెలకు పాతిక డాలర్లు వచ్చే దేశంలో అది చిన్న మొత్తం కాదు. గీకితే నంబరు కనబడే కార్డు కొని, ఆ నంబరు ఫోన్లో కొట్టి, గడియారం వంక చూసుకుంటూ పనిచేయాలి. అంత చేసి దించుకున్నదాన్ని బస్సెక్కి ఇంటికి తీసుకెళ్లాక తెరిస్తే... సగం పేజీలు తెల్లగా మొహం వేస్తే? మళ్లీ బస్సు, మళ్లీ కార్డు, మళ్లీ రెండు డాలర్లు.

ప్రపంచమంతా నెట్టు మీదే బతుకుతున్న కాలంలో, నెట్టు లేకుండా సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఎలాగో ఈ నగరం కొన్నేళ్లపాటు చేసి చూపించింది. సరదాకు కాదు, గత్యంతరం లేక!

ఇంతకీ ఏమిటా పుస్తకం?

కొత్త మిక్సీతో వచ్చే చిన్న పుస్తకాన్ని మనం అటక మీద పడేస్తాం. ఏ మీట నొక్కితే ఏమవుతుందో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. వాళ్ల మిక్సీకి మీటలు వేలల్లో ఉంటాయి. పైథాన్, జావా లాంటి భాషల్లో ఏ ఆదేశానికి ఏం ఇవ్వాలి, అది ఏం తిరిగిస్తుంది, తప్పు జరిగితే ఎలా స్పందిస్తుంది... ఇవన్నీ రాసిపెట్టిన పుస్తకాన్నే డాక్యుమెంటేషన్ అంటారు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా రోజుకు పదిసార్లు దాన్ని తెరుస్తారు. జ్ఞాపకశక్తి తక్కువై కాదు, అన్ని వేల సంగతులు ఎవరికీ గుర్తుండవు కాబట్టి.

ఆ పుస్తకం ఇప్పుడు అచ్చులో దొరకడం తక్కువ. వెబ్‌సైట్‌గానే ఉంటుంది, అదీ నెలకో రెండు నెలలకో మారుతూ. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చున్న ఇంజినీరు ఒక ట్యాబ్‌లో కోడు, పక్క ట్యాబ్‌లో డాక్యుమెంటేషన్ పెట్టుకుని పనిచేస్తారు. ఆ రెండో ట్యాబ్ తీసేయండి. అదే హవానా.

150 కిలోమీటర్లు దగ్గరా, దూరమా?

మ్యాపులో చూస్తే క్యూబాకు అమెరికాలోని ఫ్లోరిడా కూతవేటు దూరం. మధ్యలో 150 కిలోమీటర్ల సముద్రం. ప్రపంచ ఇంటర్నెట్‌కు కూడలి లాంటి దేశం పక్కనే ఉంది. కానీ రెండు దేశాల మధ్యా ఆరు దశాబ్దాల ఆంక్షలు. అటు నుంచి తీగ రాలేదు. ఏళ్ల తరబడి ద్వీపమంతా ఉపగ్రహాల మీదే ఆధారపడింది. ఖరీదెక్కువ, వేగం తక్కువ. చివరికి వెనిజులా నుంచి దాదాపు 1,600 కిలోమీటర్ల పొడవున సముద్రం అడుగున కేబుల్ వేశారు. 2011 ఫిబ్రవరిలో అది సాంతియాగో దె క్యూబా దగ్గర సిబొనే తీరాన్ని చేరింది. దాంట్లోంచి ఇంటర్నెట్ పారడానికి 2013 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో తెరిచిన 118 సర్కారు నెట్ కేంద్రాల్లో గంటకు 4.50 పెసోలు. దాంతో పోలిస్తే రెండేళ్ల తర్వాత వచ్చిన వీధి వైఫై చవక బేరమే.

లోపలి కట్టడి ఒకటి, బయటి నుంచి అడ్డుగోడ మరొకటి. ప్రోగ్రామర్లు ఉచితంగా కోడు పంచుకునే సోర్స్‌ఫోర్జ్ అనే సైటు 2010 జనవరిలో క్యూబా, ఇరాన్, ఉత్తర కొరియా, సూడాన్, సిరియా దేశాల నుంచి వచ్చేవారికి తలుపులు మూసింది. అమెరికా చట్టాలే కారణమంది. అంటే డబ్బు కట్టి, కార్డు గీకి, వరుసలో నిలబడి వెళ్లినా అవతల 'మీ దేశానికి అనుమతి లేదు' అనే బోర్డు కనబడొచ్చన్నమాట. ఒకసారి దొరికిన దాన్ని ఇంట్లో భద్రంగా దాచుకోవాలన్న పట్టుదల హవానా కుర్రాళ్లలో పెరిగిందంటే పెరగదూ మరి!

వారం వారం ఓ మూట

దాచుకున్నది పంచుకోవడానికి క్యూబన్లు కనిపెట్టిన పద్ధతి ప్రపంచమంతా పేరు మోసింది. దాని పేరు ఎల్ పకేతే సెమనాల్, వారపు మూట అని అర్థం. ఒక టెరాబైటు హార్డ్‌డిస్కు నిండా సినిమాలు, సీరియళ్లు, పాటలు, పత్రికలు, ఫోన్ యాప్‌లు, యాంటీవైరస్‌ల కొత్త భాగాలు, పాఠాలు. చివరికి క్రయవిక్రయాల ప్రకటనల సైటు నకలు కూడా. అన్నీ ఒక క్రమంలో ఫోల్డర్లుగా సర్ది ఉంటాయి. రాజకీయాలు, బూతు అందులో ఉండకూడదన్నది రాయని నియమం. పెద్ద పంపిణీదారు నుంచి చిన్న పంపిణీదారుకు, అక్కడి నుంచి వీధిలోని కుర్రాడికి, అతని నుంచి ఇంటింటికీ... మన పాలవాడి ఖాతాలా. అప్పట్లో ఒకటి రెండు కన్వర్టిబుల్ పెసోలిస్తే కావాల్సింది కాపీ చేసుకోనిచ్చేవారు.

పాత రకం యూఎస్‌బీ మీద ఒక టెరాబైటు మొత్తం కాపీ కావాలంటే తొమ్మిది గంటల పైమాటే. అందుకే రాత్రి పెట్టి పొద్దున తీసుకోవడం, లేదా ఏరుకుని తీసుకోవడం. చాలామంది ఏరుకునేది సీరియళ్లనేనన్నది వేరే చెప్పాలా? పాఠాలూ డాక్యుమెంటేషన్లూ కావాల్సినవాళ్లు ఆ మూటలో ఒక మూలన వెతుక్కోవాలి.

ప్రభుత్వమూ ఊరుకోలేదు. 1987లో మొదలైన 'హొవెన్ క్లబ్'లు, అంటే యువతకు కంప్యూటర్ నేర్పే సర్కారు కేంద్రాలు, ఊరూరా ఉన్నాయి. అవి పకేతేకు పోటీగా 'మొచీలా' పేరుతో తమ మూటను తెచ్చాయి. మొచీలా అంటే వీపున తగిలించుకునే సంచి. 2010 డిసెంబరులో ఎకురెడ్ అనే స్పానిష్ విజ్ఞాన సర్వస్వాన్ని పెట్టారు. దేశం లోపలి నెట్‌వర్కులో చౌకగా చూసుకోవచ్చు. అదీ అందనివారికి కంప్యూటర్లో నేరుగా నడిచే ప్రతిని కూడా ఇచ్చారు. అందులోని రాతల్లో ప్రభుత్వం గొంతు వినబడుతుందన్న విమర్శ ఉన్నదే. కానీ 'నెట్టు లేనివాడికి కూడా ఒక ప్రతి కావాలి' అన్న ఆలోచన మాత్రం చాలా పెద్ద దేశాలకే ఇంకా తట్టలేదు.

డాబాల మీద అల్లిన వల

మూట వారానికోసారే వస్తుంది. ఈలోగా? హవానా డాబాల మీద ఇంకో కథ నడిచింది. పక్కింటి స్నేహితుడితో కంప్యూటర్ గేమ్ ఆడుకోవడానికి కుర్రాళ్లు కిటికీలోంచి తీగ లాగారు. ఆ తీగ వీధి దాటింది. నీళ్ల ట్యాంకుల పక్కన, బట్టలారేసే దండేల మధ్య చిన్న చిన్న వైఫై యాంటెన్నాలు లేచాయి. ఒక పేటను మరో పేటతో కలిపాయి. అలా పెరిగిందే ఎస్‌నెట్... స్ట్రీట్ నెట్‌వర్క్. ఇంటర్నెట్‌తో దానికి సంబంధమే లేదు. దానికది ఓ చిన్న లోకం. గేములు, కబుర్ల వేదికలు, సొంత సోషల్ నెట్‌వర్కులు, వికీపీడియా నకలు కూడా అందులో ఉండేవి. రాజకీయాలు మాట్లాడకూడదు, బయటి ఇంటర్నెట్‌ను దీనికి కలపకూడదు అని వాళ్లే కట్టుబాట్లు పెట్టుకున్నారు. 2017లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎస్‌నెట్ నిర్వాహకులతో కలిసి దాన్ని కొలిచారు. హవానా అంతటా పదుల వేల ఇళ్లకు అల్లుకుందనీ, తమకు తెలిసినంతలో బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా జనమే నడుపుకునే నెట్‌వర్కుల్లో ఇదే పెద్దదనీ తేల్చారు.

ఆ వల ఎక్కువకాలం నిలవలేదు. ప్రైవేటు నెట్‌వర్కుల మీద కొత్త నియమాలు 2019 జులై 29 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇంట్లో వైఫై పెట్టుకోవడం చట్టబద్ధమైంది. అంతవరకూ బాగుంది. కానీ ఆరుబయట యాంటెన్నాల శక్తి 100 మిల్లీవాట్లు మించకూడదన్నారు. వీధులు దాటి పేటల్ని కలపాలంటే అది చాలదు. కుర్రాళ్లు ఆగస్టులో సమాచార శాఖ కార్యాలయం ముందు గుమికూడారు. చివరికి ఎస్‌నెట్ హొవెన్ క్లబ్‌ల సర్కారు నెట్‌వర్కులో కలిసింది. సొంతంగా అల్లుకున్నదాన్ని అప్పగించినప్పుడు వాళ్లకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు.

గూఢచారుల గూటిలో కాలేజీ

హవానా నడిబొడ్డు నుంచి నైరుతి దిక్కుగా ఊరి పొలిమేర దాటుతుంటే ఓ పెద్ద విశ్వవిద్యాలయం వస్తుంది. పేరు యూనివర్సిటీ ఆఫ్ ఇన్ఫర్మేటిక్స్ సైన్సెస్, అందరూ 'ఊసీ' అంటారు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఇది లూర్దెస్ గూఢచార కేంద్రం. పెద్ద పెద్ద యాంటెన్నాలతో సోవియట్ సిబ్బంది అమెరికా సంభాషణలను వినేవారు. 2001 అక్టోబరులో రష్యా దాన్ని మూసేస్తున్నట్లు ప్రకటించింది. మరుసటి ఏడాదే అదే ప్రాంగణంలో సాఫ్ట్‌వేర్ చదువులు మొదలయ్యాయి. ఒకప్పుడు ఇతరుల మాటలు చెవిన వేసుకున్న చోట ఇప్పుడు విద్యార్థుల హాస్టళ్లు!

ఇక్కడి బృందాలే 2009లో నోవా అనే లినక్స్‌ను తెచ్చాయి. కొనక్కర్లేని, అమెరికా అనుమతి అక్కర్లేని ఆపరేటింగ్ సిస్టమ్ తమకుండాలన్నది లక్ష్యం. దేశీయ యాప్‌ల అంగడి ఆప్‌క్లిస్ కూడా ఊసీలో పుట్టిందే. లినక్స్ ప్రపంచంలో ఓ మంచి అలవాటుంది. సాఫ్ట్‌వేర్‌ను, దాని డాక్యుమెంటేషన్‌ను ఒకే గోదాములోంచి ప్యాకేజీలుగా ఇస్తారు. ఆ గోదాము నకలు ప్రాంగణంలో పెట్టుకుంటే ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్ మీ దగ్గరుందో, సరిగ్గా దానికి సరిపడే పుస్తకమే దొరుకుతుంది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది. కానీ కొత్త వెర్షన్‌కు పాత పుస్తకం పెట్టుకుని కుస్తీ పట్టినవాళ్లకు దాని విలువ తెలుసు. పుస్తకం చెప్పినట్టే రాస్తారు, పని జరగదు. లోపం తనలో ఉందో పుస్తకంలో ఉందో తెలియదు. నెట్టుంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది, లేకపోతే ఓ రాత్రంతా తినేస్తుంది.

ఎక్కడ తెగుతుందంటే...

అసలు పేజీలు దించుకోవడంలో అంత కష్టమేముంది, 'సేవ్' నొక్కితే సరి కదా? కాదు. ఈరోజు వెబ్ పేజీ ఒకచోట తయారై ఉండదు. మాటలు ఒక సర్వర్ నుంచి, అక్షరాల అందం మరో కంపెనీ నుంచి, లెక్కల సూత్రాలను తీర్చి చూపించే ప్రోగ్రామ్ ఇంకెక్కడి నుంచో వస్తాయి. కరివేపాకు పక్కింట్లో, చింతపండు ఎదురింట్లో ఉంచుకుని చారు పెట్టినట్టు. తలుపులన్నీ తెరిచి ఉన్నంతసేపూ ఎవరికీ తేడా తెలియదు. ఇరుగుపొరుగు తాళాలేసుకుని ఊరెళ్తేనే మన వంటింట్లో ఏముందో, ఏం లేదో బయటపడుతుంది.

ఇంకా ఇబ్బంది పెట్టేది వెతుకులాట. వేల పేజీల పుస్తకంలో కావాల్సిన మాట దొరక్కపోతే ఆ పుస్తకం ఉన్నా లేనట్టే. చాలా సైట్లలో వెతికే పెట్టె ఎక్కడో ఉన్న సర్వర్‌ను అడిగి జవాబు తెస్తుంది. నెట్టు లేకపోతే అది మూగదే. పోనీ, పదసూచికను కూడా దించుకున్నారనుకుందాం. అప్పుడూ చిక్కే! బ్రౌజర్లకు ఓ భద్రతా నియమం ఉంది. హార్డ్‌డిస్కు మీద నుంచి నేరుగా తెరిచిన పేజీ, పక్కనున్న మరో ఫైలును తనంతట తాను తీసి చదవకూడదు. మంచి నియమమే, దొంగ పేజీలు మన ఫైళ్లు చదవకుండా కాపాడుతుంది. కానీ ఎంకేడాక్స్ అనే పేరున్న పనిముట్టుతో తయారైన పుస్తకాల్లో పదసూచిక ఓ విడి ఫైలు. సైటు మీద చక్కగా పనిచేసే వెతుకులాట, ఇంటికి తెచ్చుకుంటే ఈ నియమానికి గుద్దుకుని ఆగిపోతుంది. లింకులది ఇంకో తమాషా. పాఠం మీద నొక్కితే పాఠం రాదు, ఫోల్డర్లోని ఫైళ్ల జాబితా వస్తుంది. లింకు ఫోల్డరు దాకానే ఉంటే అందులోంచి సరైన పేజీ తీసిచ్చే పని సర్వరుది. ఇంట్లో సర్వర్ ఏదీ? ఆ తర్వాత వీటికి మందులూ వచ్చాయి. కొద్దిగా సెట్టింగులు మారిస్తే, ఓ అదనపు భాగం జోడిస్తే అదే పుస్తకం నెట్టు లేకున్నా నడుస్తుంది. కాకపోతే ఆ మార్పు చేయాల్సింది చదివేవాడు కాదు, తయారుచేసేవాడు. అతనికేమో నెట్టు ఎప్పుడూ పోదు!

పైథాన్ పుస్తకం సంగతి చూడండి. దాన్ని స్ఫింక్స్ అనే పనిముట్టుతో తయారుచేస్తారు. అందులో పదసూచికను పేజీ వెంట లోడయ్యే చిన్న ప్రోగ్రామ్ రూపంలోనే రాసిపెడతారు. కాబట్టి బ్రౌజర్ అడ్డు చెప్పదు. హార్డ్‌డిస్కు మీద నుంచి తెరిచినా వెతుకులాట పనిచేస్తుంది. రెండు పనిముట్లూ మంచివే, రెండూ ఉచితమే. తేడా అంతా సూచికను ఏ రూపంలో దాచాలన్న ఒక్క నిర్ణయంలో ఉంది. తయారుచేసేవాళ్లు బహుశా ఓ మధ్యాహ్నం తీసుకున్న నిర్ణయం. ప్రపంచానికి అవతల బస్సెక్కి వైఫై దగ్గరికి వెళ్లొచ్చే కుర్రాడి వారాన్ని అది తేల్చేస్తుంది.

డెబియన్ లినక్స్‌వాళ్ల దగ్గర లింటియన్ అనే తనిఖీ పనిముట్టు ఉంది. ప్యాకేజీలో పెట్టిన డాక్యుమెంటేషన్ పేజీ ఏదైనా బయటి సైటు నుంచి బొమ్మనో ప్రోగ్రామ్‌నో తెచ్చుకోవాలని చూస్తే వెంటనే పట్టిస్తుంది. వాళ్ల ఉద్దేశం వేరు... ఎవరు ఏం చదువుతున్నారో బయటివాళ్లకు తెలియకూడదన్న గోప్యత. కానీ ఆ తనిఖీ దాటిన పుస్తకం నెట్టు లేకున్నా నిలబడుతుంది. ఒక జాగ్రత్త రెండింటికీ అక్కరకొచ్చింది.

సీడీల కాలం నుంచి జిమ్ ఫైలు దాకా

నిజానికి ఒకప్పుడు చాలా డాక్యుమెంటేషన్ కంప్యూటర్లోనే ఉండేది. యూనిక్స్ మాన్యువల్ తొలి కూర్పు మీద 1971 నవంబరు 3 అని తేదీ ఉంటుంది. 'మ్యాన్' అని కొట్టి పక్కన ఆదేశం పేరు రాస్తే పుస్తకంలోని ఆ పేజీ తెర మీదికొచ్చే పద్ధతి ఇప్పటికీ లినక్స్‌లో నడుస్తోంది. దానికి నెట్టుతో పనేలేదు. 1997లో మైక్రోసాఫ్ట్ పుస్తకం మొత్తాన్ని, పదసూచికతో సహా ఒకే ఫైలుగా మడతపెట్టే పద్ధతి తెచ్చింది. అమీర్‌పేటలో 2000 ప్రాంతంలో కోర్సులు చేసినవాళ్లకు ఎంఎస్‌డీఎన్ సీడీలు గుర్తుండే ఉంటాయి. నెట్టు వేగం పెరిగేకొద్దీ ఇవన్నీ మూలపడ్డాయి.

వాటి లోటు తీర్చడానికి మళ్లీ కొత్త పనిముట్లు రావాల్సి వచ్చింది. మ్యాక్ కంప్యూటర్లకు డ్యాష్, విండోస్, లినక్స్‌లకు జీల్. ఇవి ఒక్కో భాష పుస్తకాన్నీ ఒక పెట్టెలో సర్దుతాయి. లోపల పేజీలు, వాటితోపాటు పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటి చిన్న డేటాబేసు. పేరులో మూడక్షరాలు కొట్టేలోపే పేజీ ముందుంటుంది. నెట్టున్నవాళ్లు కూడా వీటిని వాడటానికి కారణం ఆ వేగమే. డెవ్‌డాక్స్ అనే సైటు అయితే ఒకసారి తెరిచినప్పుడు పుస్తకాల్ని బ్రౌజర్లోనే దాచిపెట్టుకోనిస్తుంది.

అందరికంటే పెద్ద పని కివిక్స్‌ది. ఇమాన్యుయేల్ ఎంగెల్‌హార్ట్, రెనో గోదాన్ కలిసి 2007లో మొదలుపెట్టారు. ఇప్పుడు స్విట్జర్లాండ్ కేంద్రంగా నడుస్తోంది. వికీపీడియా మొత్తాన్ని నెట్టు లేనివారి చేతిలో పెట్టడం వాళ్ల సంకల్పం. 'జిమ్' అనే ఒకే ఒక్క ఫైలులో పేజీలు, బొమ్మలు, వెతికే సూచిక అన్నీ కుదించి పెడతారు. బొమ్మలతో కలిపి ఇంగ్లిష్ వికీపీడియా సుమారు 100 జీబీ. తెలుగు వికీపీడియాకూ అలాంటి ఫైలుంది, ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. ప్రోగ్రామర్లు సందేహాలు తీర్చుకునే స్టాక్ ఓవర్‌ఫ్లోకూ జిమ్ ఫైలుంది.

ఇక్కడా చిన్న చిన్న గండాలున్నాయి. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు కొన్ని ఫ్యాట్‌32 అనే పాత పద్ధతిలో తయారై వస్తాయి. వాటిలో 4 జీబీ మించిన ఫైలు ఒక్కటీ పట్టదు. కార్డులో 100 జీబీ ఖాళీ ఉన్నా సరే! అందుకే ఫైలును ముక్కలు చేసి పెట్టే ఏర్పాటు చేశారు. చేతులు మారుతూ కాపీ అయ్యేటప్పుడు మధ్యలో ఎక్కడో ఓ బైటు చెడిపోవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఫైలు లోపలే చెక్‌సమ్ అనే సరిచూసే సంఖ్య పెడతారు. లెక్క వేసి చూస్తే రెండూ కలవాలి. కలవకపోతే ఆ ప్రతి పనికిరాదని వైఫై దగ్గరున్నప్పుడే తెలిసిపోతుంది.

ఇది పాత కథ కాదు

2018 డిసెంబరులో క్యూబాలో మొబైల్ డేటా మొదలైంది. మొదట్లో 600 ఎంబీకి 7 కన్వర్టిబుల్ పెసోలు, 4 జీబీకి 30 కన్వర్టిబుల్ పెసోలు. లా రాంపా అరుగుల మీద రద్దీ నెమ్మదిగా పలచబడింది. ఇక మూటలు, నకళ్లు ఎందుకనిపించి ఉండొచ్చు. 2021 జులై 11న నిరసనలు వెల్లువెత్తినప్పుడు ద్వీపంలో నెట్టుకు అంతరాయాలు కలిగాయి. 2024 అక్టోబరు 18న అంతోనియో గితేరాస్ విద్యుత్ కేంద్రం ఆగిపోవడంతో దేశం మొత్తం చీకటైంది. ఆ తర్వాతా అలాంటి చీకట్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. కరెంటు పోయిన కొద్ది గంటలకు టవర్ల బ్యాటరీలు అయిపోతాయి, నెట్టు కూడా పోతుంది. ఛార్జింగ్ మిగిలున్న ఫోన్లో అప్పటికే దించుకుని ఉన్నది మాత్రం తెరుచుకుంటుంది. దాన్ని జాప్యా లాంటి యాప్‌తో ఒక ఫోను నుంచి మరో ఫోనుకు నేరుగా పంపుకోవచ్చు. ఆ యాప్ క్యూబన్లకు ఎంత అలవాటంటే దాని పేరు మీద ఓ క్రియాపదమే పుట్టింది.

2025 మే 30న ఎటెక్సా ధరలు మార్చింది. దేశంలోంచి చేసుకునే రీచార్జి నెలకు 360 పెసోలకే పరిమితం చేసింది. దానికి వచ్చేది 6 జీబీ. ఇంకా కావాలంటే 3 జీబీకి 3,360 పెసోలు. సగటు నెల జీతం ఆరేడు వేల పెసోల దగ్గరున్నప్పుడు ఆ అదనం సగం జీతం. 1728లో పుట్టిన హవానా విశ్వవిద్యాలయంలో అలజడి రేగింది. తరగతులు బహిష్కరించాలని పిలుపిచ్చింది ఎవరనుకున్నారు? గణిత, కంప్యూటర్ శాస్త్రాల విద్యార్థులు. ఆ దేశంలో విద్యార్థులు అలా బాహాటంగా ఎదురుచెప్పడం అరుదు. సంస్థ కొంత తగ్గింది. విద్యార్థులకు రెండో ప్యాకేజీ కూడా 360 పెసోలకే ఇస్తామంది.

నెలకు 6 జీబీ అంటే ఎంత? వేరే దేనికీ వాడకుండా మొత్తం దీనికే పెట్టినా, ఇంగ్లిష్ వికీపీడియా జిమ్ ఫైలు దించుకోవడానికి దాదాపు ఏడాదిన్నర. హార్డ్‌డిస్కున్న స్నేహితుడి దగ్గరికి వెళ్తే ఒక్క పూట. పైథాన్ పుస్తకం మాత్రం కుదించిన ఫైలుగా పాతిక ఎంబీ లోపే. హవానాలో సిటీ బస్సు కోసం నిలబడే సమయంలో నాలుగైదుసార్లు దించుకోవచ్చు.